ముక్కుకి నచ్చిన పెంట

ముక్కు మూసుకునే మనిషిని చూస్తే అప్పలనరసమ్మకి ఒళ్లు మండేది. రైల్వే వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపు వాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో, కుళాయి దగ్గర ఆమె బిందె పెట్టగానే తమ బిందెలు పక్కకి జరుపుకునే ఆడవాళ్లని ఆమె మనుషుల్లో లెక్కపెట్టేది కాదు. వాళ్ల మొగుళ్లు వ్యాగన్ల కింద దూరి జిడ్డోడుతూ ఇంటికొస్తే కంపు కాదట, ఈమె పందుల ఫారం నుంచి కాళ్లు కడుక్కుని వస్తే కంపట! ఆమె మొగుడు నూకరాజుదీ అదే వర్క్‌షాపు. ఈ విషయంలో అతనితోనూ తగువే.

పెళ్లయి విజయనగరం వైపు నుంచి రాయపూర్ వచ్చిన కొత్తలోనే ఆమె ఊరి చివర ఉర్లా అవతలున్న ఆ ఫారంలో చేరింది. ఈనే పందుల దొడ్డి చూసుకోవడం ఆమె పని. పిల్ల పడగానే మూతి తుడిచి, తల్లి పొదుగు దగ్గరికి తోసి, బతికించుకునేది. తనంత శుభ్రంగా దొడ్డి కడిగే మనిషి ఊరు మొత్తంలో లేదని ఆమె నమ్మకం. నిజంగానే లేదేమో కూడా.

1991 వానల్లో ఆ దొడ్డిలో పిల్లలకి పచ్చగా నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దున లేచి చూస్తే ఏదో ఒకటి చచ్చి పడుండేది. మేనేజరు కొండలరావు ఏనాడూ దొడ్డి గుమ్మం దాటిన పాపాన పోలేదు. బయటే నిలబడి, చేతిరుమాలు ముక్కుకి అదుముకుని తీర్పు చెప్పాడు.

"పుల్లబడ్డ దాణా పెట్టుంటావ్. దొడ్డి సరిగ్గా కడిగుండవ్. ల్యాబ్ వాళ్లొచ్చి బీమారీ ఏం లేదన్నారంటే నీ పని ఖతం."

పని పోతుందన్న బాధ కంటే, పిల్లల్ని చంపిన మనిషిగా బయటికి పోవాలన్న మాట ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది.

పశువుల జబ్బులు చూసే ల్యాబ్ నుంచి డాక్టరు వెంకటరత్నం వచ్చాడు. పందిపిల్లల పేగుల్లో వైరస్‌లు వెతకడం ఆయన పని. వెతికేది పెంటలో. అయినా ఆ దొరగారు మురిక్కాలవ ఇవతలే ఆగిపోయి, ముక్కు పట్టుకుని, ఖాళీ సీసాలు అందించాడు.

"జబ్బుపడ్డ పిల్లలది నింపి తీసుకురా."

'ఈ ముక్కుకి ఆ కంపు పడదు, నచ్చే పెంటే ఇత్తాను! ఈడు మూత తీస్తాడా, సూస్తాడా' అనుకుంది అప్పలనరసమ్మ. నేరుగా అవతలి దొడ్డికి పోయి, దుక్కలా ఉన్న పోతుపంది పెంట, గట్టి ఉండలు ఏరి, సీసాలు నింపి ఇచ్చింది. ఆయన సంతోషంగా పట్టుకుపోయాడు.

వైరస్ ఏమీ లేదని వారంలో కాగితం వచ్చింది.

"చూశావా? గల్తీ నీదే. రేపట్నుంచి రాకు" అన్నాడు కొండలరావు, చేతిరుమాలులోంచే.

అప్పుడు తెలిసొచ్చింది ఆమెకి. డాక్టరు ముక్కుని వెక్కిరించబోయి తన మెడకే ఉరి బిగించుకుంది. తనమీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు. దొడ్డి వెనక కూర్చుని ఏడ్చింది. ఏడుపు అయ్యాక లేచి, ఇంకా కొనఊపిరితో ఉన్న పిల్లల దగ్గర పచ్చటి నీళ్లు సీసాలోకి పట్టి, చుట్టూ ఐసు పెట్టి, మోవా పేటలో ఉన్న డాక్టరు ఇంటికి పోయింది. ఆయన వరండాలో కాఫీ తాగుతున్నాడు. ఆ కాఫీ పక్కనే పెట్టింది సీసా.

"అసలుది ఇది బావూ. మొన్న నానిచ్చింది ఒంట్లో బాగున్న పందిది."

"ఎందుకు చేశావా పని?" ఆయన మండిపడ్డాడు.

"గల్తీ నాదే. మరి తమరు దొడ్డిలోకి ఎందుకు రానేదు?"

ఆయన కాఫీ వదిలేసి సీసా అందుకున్నాడు.

నాలుగు రోజులకి ల్యాబుకి పిలిచి, పారదర్శకంగా జిగురులా ఉన్న పలక ఒకటి చూపించాడు. దానిమీద మెట్లలా పదకొండు గీతలు.

"రోటా వైరస్. దీని లోపలి సరుకు పదకొండు ముక్కలు. కరెంటు పెడితే ఇలా విడిపోతాయి. గీతల మధ్య ఎడం చూసి ఏ రకమో చెప్పొచ్చు. దాణా వల్ల వచ్చింది కాదు, నువ్వు కడగకా కాదు."

"దవాయి?"

"లేదు. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు పట్టించి నిలబెట్టుకోవడమే."

"ఇన్ని గీతలు గీసీ దవాయి నేదా!" అంది అప్పలనరసమ్మ. ఆయన రాసిచ్చిన కాగితం మాత్రం జాగ్రత్తగా కొంగున ముడేసుకుంది.

కొండలరావు గేటు దగ్గరే చదివాడు. "సరే సరే, పనిలోకి పో" అని చేతిరుమాలు వెనకనుంచి గొణిగాడు.

ఆమె కదల్లేదు. "ఆ మాట దొడ్డిలోకొచ్చి సెప్పండి."

ఫారం ఆడవాళ్లంతా పని ఆపి చూస్తున్నారు. కొండలరావు బూట్లు పచ్చటి నీళ్లలో పెట్టి, ముక్కు అదుముకుని, లోపలికి వచ్చాడు. ఏదో అన్నాడు.

"ఇనబడ్నేదు బావూ. ఆ గుడ్డ తీసి సెప్పండి."

ఆయన అందరి మొహాలూ చూశాడు. చివరికి చేతిరుమాలు తీశాడు.

"పిల్లల్ని నువ్వు చంపలేదు" అన్నాడు. ఊపిరి లోపలికి పోయి దగ్గు ముంచుకొచ్చింది.

దగ్గు ఆగేదాకా ఆమె అక్కడే నిలబడి చూసింది. తర్వాత చీపురందుకుని, "తప్పుకోండి, కడగాలి" అంది.