చాంబరులో చేప పొలుసులు

దెయ్యాలంటూ ఎవరైనా మొదలెడితే నాకు ఒళ్ళు మండేది. అప్పటికే బందర్లో ఇరవయ్యేళ్ళుగా జీపులు బాగుచేస్తున్నవాణ్ణి. మోత వస్తే ఏదో బేరింగు అరిగిందని, కంపు వస్తే ఎక్కడో లీకైందని నమ్మేవాణ్ణి. అంతకుమించి ఏమీ ఉండదనుకునేవాణ్ణి.

తొంభైల చివర్లో నాకో పాత పెట్రోలు జీపు ఉండేది. ఎంత బురదలోనైనా వెళ్ళేది గానీ పెట్రోలు మంచినీళ్ళలా తాగేసేది. డీజిల్ ఇంజను ఎక్కిద్దామనుకున్నాను. హంసలదీవి వైపు ఒక పల్లెలో దొరికింది. జీపులోంచి తీసి పడవకి బిగించిన ఇంజను. చవగ్గా ఇచ్చేస్తానన్నాడు పడవ యజమాని.

ఎందుకు చవకో అక్కడికెళ్ళాక తెలిసింది. ఆ పడవ తిరగబడి ఒకతను గల్లంతయ్యాడు. శవం దొరకలేదు. మనిషి సంగతి తేలేదాకా ఆ పడవ సామాను అమ్మకూడదని పల్లె కట్టుబాటు. ఊళ్ళో ఎవరూ కొనరు కాబట్టి బయటివాడికి వదిలించుకుంటున్నాడు యజమాని. అతని భార్య నాగమణి రెండేళ్ళుగా కర్మ చేయనివ్వలేదట, బొట్టు తీయలేదట. ఇంజను బండికెక్కిస్తుంటే వచ్చి అడ్డం నిలబడింది. "పక్కకి జరగమ్మా" అని కసిరి తెచ్చేశాను.

షెడ్డులో ఇంజను మొత్తం విప్పాను. కింద ఆయిలు నిలిచే చాంబరుని నా చేతుల్తోనే కిరసనాయిలు పోసి రెండుసార్లు కడిగాను. కొత్త ప్యాకింగులు, కొత్త ఆయిలు వేసి జీపులో బిగించాను.

వారం తిరక్కుండానే కంపు. ఛీ, మామూలు కంపా! కుళ్ళిన చేపల కంపు. బానెట్ ఎత్తాలంటే ముక్కుకి గుడ్డ కట్టుకోవాల్సి వచ్చేది. ఆయిలు దించితే పాలు కలిపిన టీలా ఉంది, అంటే నీళ్ళు చేరాయి. నీళ్ళు ఆయిల్లోకి దిగకుండా ఆపే హెడ్ గాస్కెట్ మార్చాను. మళ్ళీ అదే. బుద్ధి గడ్డితిని ఆ ఆయిల్ని వేలితో నాలిక మీద రాసుకున్నాను. థూ, ఉప్పు! నేను రేడియేటర్లో పోసేది కుళాయి నీళ్ళు.

మూడోసారి ఆయిల్తోపాటు చేప పొలుసులు దిగాయి, గుప్పెడు. సబ్బుతో ఎంత రుద్దినా చేతుల జిగురు వదల్లేదు. అన్నం కలిపితే అదే వాసన. మా ఆవిడ నన్ను వసారాలో పడుకోమంది.

గిట్టనివాడెవడో పొలుసులు తెచ్చి వేస్తున్నాడని ఆయిలు మూతకి తీగ చుట్టి సీలు వేశాను. సీలు చెదరలేదు, కంపు పోలేదు. చివరికి చాంబరు విప్పేశాను. ఆయిలు పంపు జల్లెడకి నల్లటి మొలతాడు చుట్టుకుని ఉంది. దానికో రాగి తాయెత్తు, అతుక్కుని నాలుగు వెంట్రుకలు. అక్కడే వాంతి చేసుకున్నాను.

కాలవలో పారేద్దామంటే చేతులు రాలేదు. నాగమణికి ఇస్తే మొగుడు పోయాడని తేలిపోతుంది, ఆమె బొట్టు నేనే చెరిపినట్టు. పారేస్తే మొగుడి ఆనవాలు నేనే దాచినట్టు. రెండ్రోజులు షెడ్డులోనే అరలో పెట్టి ఉంచాను. మూడోనాడు పేపర్లో చుట్టి తీసుకెళ్ళాను.

నాగమణి చేపలు ఎండబెడుతోంది. ఎక్కడ దొరికిందో చెప్పి పొట్లం ఇచ్చాను. విప్పింది. నీళ్ళతో కడిగింది. తాయెత్తుని బొటనవేలితో చాలాసేపు తడిమింది.

"ఆయనది కాదండి" అంది, నా మొహం చూడకుండా.

సరే ఇలా ఇవ్వమని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. కొంగున ముడేసుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఆ రోజు నుంచి ఆయిలు చెడలేదు, కంపు లేదు. ఇప్పుడు ఎవరైనా దెయ్యాలంటూ మొదలెడితే, నా చేతుల్తో రెండుసార్లు కడిగిన ఆ చాంబరు సంగతి చెబుతాను.

ఏడాది తర్వాత అటు వెళ్ళినప్పుడు ఆమె కనబడింది. బొట్టు అలాగే ఉంది. కొంగున ముడి కూడా అలాగే ఉంది.