పాసైన సీసా

పదకొండేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. రెండక్షరాల మాట. బరువుల సంగతి నాకు తెలియనిది కాదు. ఎంత పెట్రోలు, ఎంత మనిషి, ఎంత సామాను ఎక్కితే చిన్న విమానం నేల విడుస్తుందో కాగితం లేకుండా చెప్పగలను. ఈ మాట బరువెంతో మాత్రం ఇన్నేళ్లలో తేల్చుకోలేకపోయాను.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పాలంటే ముందు మా అక్కకు చెప్పాలి. అక్కకు చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితాలతో పనేముంది?

మాది ఉద్దానంలో, కవిటి దగ్గర ఒక ఊరు. నేను పలాసలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మెకానిక్కుని. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. పలాస బజారులో పాత కాగితాల కొట్టువాడు తూకానికి కొన్న పుస్తకాల్లో ఓడలవాళ్లు దారి కట్టే లెక్కల పుస్తకం ఒకటి దొరికితే, రెండేళ్లపాటు ఒక్కడినే కూర్చుని దాన్ని అరగదీశాను. కాలేజీలో కేడెట్‌గా ఉన్నప్పుడు ప్రభుత్వ ఖర్చుతో రెండు సీట్ల విమానం నడపడం నేర్పారు. లైసెన్సు చేతికొచ్చింది. నడపడానికి విమానం ఎక్కడుంది? లైసెన్సు ట్రంకుపెట్టెలో పడుకుంది, నేను స్తంభాలెక్కి తీగలు అతికించాను.

నాకు ముప్ఫై ఏళ్లప్పుడు ఒక ప్రకటన చూశాను. చేస్తున్న ఉద్యోగం వదలక్కర్లేదు. లైసెన్సు ఉన్నవాళ్లను సైన్యం రిజర్వులోకి తీసుకుంటారు. ఏడాదికి ఆరు వారాలు వెళ్లి యూనిఫాం వేసుకుని విమానం నడపాలి, మిగతా నలభై ఆరు వారాలు మన పని మనదే. ఆ ప్రకటన ఎన్నిసార్లు చదివానో లెక్కపెట్టలేదు. నేను లెక్కపెట్టనివి తక్కువ.

రాత పరీక్ష సులువుగా దాటాను. తర్వాత విశాఖపట్నంలో వైద్య పరీక్ష. అక్కడ నాకు భయం పట్టుకుంది.

అప్పటికి మూడేళ్ల కిందట మా నాన్న కాళ్లు వాచి, మొహం ఉబ్బి, అన్నం సహించక చనిపోయాడు. ఆ ఏడాదే మా వీధిలో ఇంకో ఇద్దరు అలాగే పోయారు. అది కిడ్నీల జబ్బని అప్పుడప్పుడే జనానికి తెలుస్తోంది. నాన్నది నాకూ వచ్చుంటే? మూత్రం పరీక్షలో బయటపడితే? మా వైపు కుర్రాళ్లు మిలిటరీ సెలక్షన్లకు వెళ్లేటప్పుడు ఒక ఉపాయం చేసేవారు. గట్టి మనిషి మూత్రం చిన్న సీసాలో పట్టుకుని, చల్లారకుండా మొలదగ్గర కట్టుకుని వెళ్లి, లోపల దాన్నే పోసి ఇచ్చేవారు. తప్పని ఎవరూ అనుకునేవారు కాదు.

నాకు తెలిసిన గట్టి మనిషి మా బావ దానయ్య. అక్క మొగుడు. రోజుకి నలభై కొబ్బరిచెట్లు ఎక్కి దిగే మనిషి. ఒక్క పూట మంచాన పడినట్టు ఎవరూ చూడలేదు. ఒళ్లు నొప్పులకు మాత్రం మాత్రలు వేసుకునేవాడు. ప్రతి ఆదివారం నేను ఇంటికి వెళ్లేటప్పుడు పలాస మందుల షాపులో ఒక పట్టీ కొని తీసుకెళ్లేవాణ్ని.

అడగ్గానే పగలబడి నవ్వి, నాతోపాటు రైలెక్కాడు. విశాఖలో దిగాక సీసా నింపి నా చేతిలో పెట్టాడు. నేను లోపలికి వెళ్లాను.

మూడు ప్లస్సులు వచ్చాయి.

పరీక్ష చేసినతను ఇంకోసారి ఇమ్మన్నాడు. సీసాలో సగం మిగిలింది. అప్పుడైనా నాది నేను ఇచ్చి ఉండొచ్చు. ఇవ్వలేదు. బావది తప్పు రావడమేమిటి, వాళ్ల చూపులోనే ఏదో పొరపాటుందనుకుని ఆ మిగిలిందే పోశాను. మళ్లీ మూడు. రెండుసార్లు ఒకే అంకె వస్తే అది పొరపాటు కాదని నాకు తెలుసు.

అక్కడి డాక్టరు పెద్దాయన. నన్ను కూర్చోబెట్టి, కళ్ల కింద రెప్పలు లాగి చూసి, మెల్లగా మాట్లాడాడు. ఆ ప్లస్సులకు అర్థం కిడ్నీలు దెబ్బతిని మూత్రంలో ప్రొటీన్ పోతోందని అన్నాడు. భయపడొద్దు, ఇంత తొందరగా పట్టుకోవడం అదృష్టం, జాగ్రత్తగా ఉంటే చాలా ఏళ్లు నిలబెట్టొచ్చన్నాడు. చీటీ మీద నాలుగు వరుసలు రాసిచ్చాడు. నొప్పి మాత్రలు ముట్టకూడదు. ఉప్పు తగ్గించాలి. బీపీ చూపించుకోవాలి. మూడు నెలలకోసారి రక్తం పరీక్ష. పైన నా పేరుంది. కావాలంటే ఆరు వారాల్లో మళ్లీ పరీక్షకు రావచ్చని కూడా చెప్పాడు. చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను.

బావ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు.

"ఏటన్నారు బామ్మర్దీ? మొకం అలగ ఏలాడేసినావేటి?"

"మళ్లీ రమ్మన్నారు బావా. ఆరు వారాలు పోయాక."

"ఏటి, ఎందుకంట?"

"కన్ను. ఎడం కంట్లో కొంచెం తేడా ఉందట."

"కన్నా! లెక్కలు సేసి సేసి కళ్లు కాయలు కాసీసుంటాయి. నాలుగు మునగాకులు తిను, అదే సక్కబడతాది." పప్పులు నా చేతిలో పోశాడు. తర్వాత గొంతు తగ్గించి, "మరి నాది?" అన్నాడు.

"ఏది?"

"సీసారా. నా సరుకు. పాసే కదా?"

రైలు ఇంకా రాలేదు. పక్కన ఎవరూ లేరు. జేబులో చీటీ ఉంది. తీసి చేతిలో పెడితే సరిపోయేది. చదువు రాకపోయినా నేను చదివి వినిపించేవాణ్ని.

"పాసే," అన్నాను.

"మరేటనుకున్నావు! ఉద్దానం కొబ్బరినీలురా అది. మిలట్రీ డాక్టరే తల ఒంచీసినాడు. ఇంటికెల్లి మీ అక్కకి సెప్తాను, నీ మొగుడికి సర్కారు ముద్ర పడిపోనాదని."

అంతే. జరిగింది అంతే.

ఎందుకన్నాను? ఎన్నో రకాలుగా అడుగుతూ వచ్చాను నన్ను నేను. చెబితే అక్క గోల పెడుతుంది, ఎలా తెలిసిందని ఊరంతా అడుగుతుంది, సీసా సంగతి పైవాళ్ల దాకా పోతుంది, ఇక రిజర్వు గుమ్మం తొక్కనివ్వరు. ఇవన్నీ ఆ బెంచీ మీద, ఆ రెండు క్షణాల్లోనే నా బుర్ర కట్టేసిన లెక్కలు. ఆరు వారాలే కదా అనుకున్నాను. మళ్లీ పరీక్ష దాటాక చెప్పేద్దాం. ఆరు వారాల్లో మనిషికేమవుతుంది?

ఆరు వారాల తర్వాత నా మూత్రం నేనే ఇచ్చాను. ఒక్క ప్లస్సూ లేదు. రక్తం కూడా బాగుంది. మొదటిది పొరపాటై ఉంటుందని రాసి నన్ను తీసుకున్నారు. అంటే నేను భయపడి దాచింది మంచిదే. బాగుందనుకుని తీసుకెళ్లింది చెడిపోయినది. నేను మోసం చెయ్యకపోయుంటే బావ జబ్బు ఎవరికీ తెలిసేదే కాదు కదా, ఆ విధంగా చూస్తే బావకు నావల్ల పోయిందేముంది? ఈ వాదన కొన్నాళ్లు నన్ను నిద్రపోనిచ్చింది. కానీ లెక్క అక్కడ ఆగదు. తెలియకపోవడం వేరు. తెలిసి, పాసే అనడం వేరు.

పరీక్ష దాటాక చెప్పానా? లేదు. ఏడాదికోసారి మళ్లీ పరీక్ష ఉంటుంది, ఇప్పుడు బయటపడితే జైలే అనుకున్నాను. రెండో ఏడాదికి ఇంకో చిక్కు వచ్చింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి? గాలి పక్కనుంచి తోస్తున్నప్పుడు విమానం ఒక్క డిగ్రీ దారి తప్పితే అరవై మైళ్లకు ఒక మైలు పక్కకు పోతుంది. మొదట్లో సరిదిద్దడం ఏమంత పని కాదు. నేను దిద్దలేదు, ముందుకే పోయాను.

మాత్రలు కూడా. తెలిశాక రెండు ఆదివారాలు షాపులో లేవని అబద్ధమాడాను. రెండో ఆదివారం బావ నడుం పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. ఎక్కాల్సిన చెట్లు ఉన్నాయి, ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. మూడో వారం తెచ్చాను. తర్వాత తెస్తూనే ఉన్నాను. విశాఖలో ఆ రోజు నుంచి జబ్బు బయటపడిన రోజు వరకు అయిదేళ్ల నాలుగు నెలలు. రెండు వందల డెబ్బై ఎనిమిది వారాలు. నేను అబద్ధమాడిన రెండూ, శిక్షణకు వెళ్లిన ముప్ఫై వారాలూ తీసేస్తే రెండు వందల నలభై ఆరు పట్టీలు. పట్టీకి పది. రెండు వేల నాలుగు వందల అరవై మాత్రలు నా చేత్తో తెచ్చి ఇచ్చాను.

ఇంకొకటి చెప్పాలి.

రెండున్నరేళ్లు గడిచాక మా ఊరి బడి వరండాలో డాక్టర్లు శిబిరం పెట్టారు. అందరి మూత్రం, రక్తం చూస్తారట. నేను వరసలో నిలబడ్డాను, సీసా పట్టుకుని. నాది బాగుందని తెలిసి కూడా. బావ భుజాన చెట్లెక్కే బంధం తాడుతో సైకిలు మీద పోతూ ఆగాడు. రమ్మని ఎవరో పిలిచారు. "నాకెందుకురా? నా సరుకు పెద్ద డాక్టర్లే పాసు సేసీసినారు. అవునా కాదా బామ్మర్దీ?" అని నాకు కన్ను గీటాడు. వరసలో ఉన్నవాళ్లకు అర్థం కాలేదు. నేను నవ్వాను. బావ తొక్కుకుంటూ తోటలోకి వెళ్లిపోయాడు. శిబిరం రెండు రోజులుంది.

అప్పుడు అర్థమైంది నాకు, నేను చేసింది దాచడం ఒక్కటే కాదని. ఆ మనిషికి నేనొక ముద్ర వేసిచ్చాను. ఆ ముద్రను నమ్మి, ఎదురుగా ఉన్న తలుపును తనే మూసుకున్నాడు. మూస్తుంటే చూశాను.

విమానం ఎక్కినప్పుడు సంతోషం లేదంటే అబద్ధం. ఉంది. అదే సిగ్గు. ఒక శిక్షణలో తీరం వెంట ఉత్తరానికి ఎగరమన్నారు. ఎడమవైపు మందస కొండలు, కుడివైపు నురగ గీత, మధ్యలో ఎడం లేని పచ్చదనం. మా తోట మీదకొస్తే రెక్క ఊపమని బావ ఎప్పటినుంచో అడుగుతున్నాడు. ఊపాను. చెట్టు మొవ్వులో కూర్చున్న బావ ఒక చెయ్యి వదిలేసి తువ్వాలు తిప్పాడట, వారం రోజులు అదే కబురట. పైనుంచి నాకు మనిషి కనపడలేదు. ఒకేలాంటి ఆకుపచ్చ చుక్కలు.

అయిదేళ్ల నాలుగు నెలలప్పుడు బావ చెట్టు సగంలో ఆయాసంతో ఆగిపోయి, తాడు పట్టుకుని జారుతూ దిగాడు. రక్తం పరీక్ష చేస్తే క్రియాటినిన్ అంకె తొమ్మిది దాటింది. ఒకటి దగ్గర ఉండాల్సినది. తర్వాత వారానికి రెండుసార్లు విశాఖకు డయాలిసిస్‌కి. సెలవు దొరికినప్పుడల్లా నేనే తోడు వెళ్లాను. అదే రైలు. అదే స్టేషన్. ఆ బెంచీ కూడా అక్కడే ఉంది. ఒకసారి దాని మీద కూర్చుని, వాచిన చేతులు చూసుకుంటూ బావ అన్నాడు: "అప్పటికి బాగానే ఉండీది కదరా నాది. ఈమజ్జనే ఎక్కడో తగులుకున్నాది."

అప్పుడు కూడా చెప్పలేదు.

రెండేళ్లు బతికాడు. ఆ తర్వాతి ఏడాది వైద్య పరీక్షకు వెళ్లి, సీసా చేతికిచ్చాక గదిలోకి పోలేక, ఖాళీ సీసా బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాను. ఇంటి ఇబ్బందులని రాసి రిజర్వు వదిలేశాను. మొత్తం మూడు వందల పన్నెండు గంటలు ఎగిరాను.

ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తోందో డాక్టర్లకే తెలీదంటారు. నీళ్లంటారు, ఇంకేదో అంటారు. జాగ్రత్తగా ఉన్నవాళ్లు కూడా పోయారు. మరి బావ చావులో నా వంతు ఎంత? సగమా? పదో వంతా? మాత్రలు ఇంత, జరగకుండా పోయిన ఇరవై ఒక్క రక్త పరీక్షలు ఇంత అని ఎన్నోసార్లు భాగించి చూశాను. భాగింపు తెగదు. శేషం మిగులుతూనే ఉంటుంది. సున్నా మాత్రం కాదు. అంతవరకే తేలింది.

అక్క ఇప్పటికీ నాకు అన్నం పెడుతుంది. డయాలిసిస్‌కి బావను సొంత అన్నలా తిప్పాడని ఊళ్లో చెప్పుకుంటుంది. ఆ అన్నం తింటాను.

క్షమించమని అడగడం లేదు. క్షమించగలిగిన మనిషి లేడు, ఉన్న మనిషికి చెప్పలేదు. చీటీ మాత్రం ఉంది. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది. ఇప్పుడు బల్ల మీద వరసగా పేర్చుకున్నాను. నాది పాసే కదా అని అడిగావు బావా. కాదు. మూడు ప్లస్సులు, రెండుసార్లూ. నొప్పి మాత్రలు ముట్టకు. ఉప్పు తగ్గించు. బీపీ చూపించుకో. మూడు నెలలకోసారి రక్తం పరీక్ష.

చదవడానికి అర నిమిషం కూడా పట్టలేదు.