బాపు చెవి కొలతలు

నేను చదివిన మొదటి కథను బాపు కళ్లార్పకుండా విన్నాడు. పిల్లల కోసం కథలు చదివి రికార్డు చేసే పని నాకు అప్పుడే దొరికింది. ఒక మేక పెళ్లివాళ్ల పట్టుచీర తినేసే కథ అది. మామూలు ఇయర్‌ఫోన్లు బాపు చెవుల్లో కుక్కి, ఫోను చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. నేను నవ్వినప్పుడల్లా నవ్వాడు. నేను తలూపితే తానూ ఊపాడు. చివర్న "మస్తున్నది బిడ్డా, ఒక్క మాట గూడ పోనియ్యలే" అన్నాడు. ఫోను తీసి చూస్తే నేను కథను ఆన్ చెయ్యనేలేదు.

ముందు కడుపుబ్బ నవ్వాను. తర్వాత ఉక్రోషం వచ్చింది. ఎవరెవరి పిల్లలో నా గొంతు వింటూ నిద్రపోతారట, నన్ను కన్న మనిషికి మాత్రం అది వినబడదట. ఎట్లయినా సరే బాపు ఈ కథ వినాలి, నా ముఖం చూడకుండా వినాలి అని ఆ పూటే తీర్మానించుకున్నాను.

బాపు చెవుల్ని సాంచాలు తినేశాయి. మాది సిరిసిల్ల. మరమగ్గాలను మేం సాంచాలంటాం. కార్ఖానాలో అవి వరసగా ఆడుతుంటే పక్కమనిషి చెవిలో అరిచినా వినబడదు. అందుకని అక్కడ ఎవరూ చెవులతో వినరు. పెదాలు చూసి మాట పట్టుకుంటారు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని, బొటనవేలు నోటి దగ్గరికెత్తితే చాయ్ వచ్చిందని అర్థం. ఆ మూల నుంచి ఈ మూలకు చుట్టాల సంగతులన్నీ సప్పుడు లేకుండా ముచ్చటించగల మనిషి బాపు. ఇంట్లో మాత్రం మేం అరవాల్సిందే. కూర వెయ్యమంటావా అని అడిగితే పక్కింటివాళ్లకు కూడా మా కూరేంటో తెలిసిపోతుంది.

వినికిడి మిషన్ పెట్టుకో అంటే ఒప్పుకోలేదు. "గది పెట్టుకుంటె ముసలోడంటరు" అన్నాడు. ఇయర్‌ఫోన్లంటే మాత్రం ముఖం వెలిగిపోయింది. "గవి పోరగాండ్లు గూడ పెట్టుకుంటరు గదా" అన్నాడు. కానీ ఏవి తెచ్చినా ఆ చెవుల్లో నిలవవు. ఎడమ చెవిలోది జారి చాయ్‌లో పడింది. కుడి చెవిలోది రబ్బరు లోపలే వదిలి బయటికొచ్చింది. అవ్వ, అంటే మా అమ్మ, పిన్నీసు పట్టుకుని బయల్దేరితే నేను అడ్డం పడ్డాను. ఆఖరికి, కరీంనగర్‌లో చెవి అచ్చు తీసి, వినికిడి పరీక్షించి, దానికి తగ్గట్టు మనకు అందే ధరలో ఇయర్‌ఫోన్లు చేయించి ఇచ్చే దుకాణం ఉందని తెలిసింది. ఇద్దరం బస్సెక్కాం. బాపు పెళ్లికి పోతున్నట్టు ఇస్త్రీ అంగీ తొడిగాడు.

అక్కడ పరీక్ష చేసే అమ్మాయి "రండి చాచా" అని అద్దాల గదిలో కూర్చోబెట్టింది. పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికొక మీట ఇచ్చింది.

"జర ధ్యాన్‌తోని వినుండ్రి చాచా. కూత వినబడంగనే గిది ఒత్తుండ్రి. సన్నగ వినబడ్డా ఒత్తుండ్రి."

అద్దానికి ఇవతల తను, తన వెనక నేను. బాపు ఒత్తుతున్నాడు. ఒకటీ వదలకుండా ఒత్తుతున్నాడు. కాసేపటికి ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టేసి నా వైపు తిరిగింది.

"అక్కా, చాచాకు ఏం ఫికర్ లేదు. నాకంటె మంచిగ వినబడుతుంది."

నేను గుడ్లప్పగించాను. కుక్కరు కూసిందో లేదో తెలియడానికి అవ్వ ముఖం చూసే మనిషి. అవ్వ చెప్పే పనులు తప్పించుకోవడానికి ఇన్నేళ్లూ చెవుడు నటించాడా అని ఒక్క క్షణం నిజంగానే అనుమానించాను. అప్పుడు బాపు చూపు ఎక్కడుందో గమనించాను. అది ఆ అమ్మాయి మోచేతి మీదుంది. తను కూత పంపినప్పుడల్లా మోచెయ్యి ఇసుమంత కదులుతోంది, దాంతోపాటు కనుబొమ్మ లేస్తోంది. బాపు ఆ రెండింటినీ చూసి ఒత్తుతున్నాడు. మోసం చేద్దామని కాదు. ఆయనకు వినడమంటే అదే.

సంగతి చెప్పగానే ఆ అమ్మాయి చున్నీ నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. లోపలికెళ్లి కుర్చీని గోడ వైపు తిప్పింది. బాపు పరేషాన్ అయ్యాడు.

"గోడ దిక్కు కూసుండబెడితె ఎట్ల వినబడ్తది బిడ్డా?"

చెవులు చూపించి, వాటితో వినాలని సైగ చేసింది.

"ఉత్త చెవులతోనేనా?" అన్నాడు, కూర లేకుండా అన్నం తినమన్నట్టు.

నేను నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తి, కళ్లు తుడుచుకుని వచ్చేసరికి మీట చప్పుడు బాగా తగ్గిపోయింది. బరువు చప్పుళ్లు కొంత వినబడుతున్నాయని, సన్నవి పోయాయని, ఎడమ చెవి మరీ దెబ్బతిన్నదని ఆ అమ్మాయి చెప్పింది. మనుషులతో మాట్లాడటానికి వినికిడి మిషనే సరైనదని, ఇయర్‌ఫోన్లు కథలకూ పాటలకే పనికొస్తాయని, అవి కూడా మరీ గట్టిగా పెట్టొద్దని దాచకుండా చెప్పింది. ఆ మాటలప్పుడు బాపు పైన తిరిగే ఫ్యానును శ్రద్ధగా చూశాడు.

ఇక ఎంపిక. తీగ లేనివి ఖరీదెక్కువ, పైగా బాపు వాటిని పొద్దుగూకేలోపే పోగొడతాడు. అందుకని తీగవే. గట్టివి ఎక్కువ రోజులు మన్నుతాయట, మెత్తనివి చెవిని ఒరుసుకోవట. మెత్తనివే అన్నాం. రంగు దగ్గరే పేచీ వచ్చింది. ఒంటి రంగువైతే పెట్టుకున్నట్టు కనబడదని అమ్మాయి చూపిస్తే, "కనబడకపోతె కొనుడెందుకు?" అని బాపు నెమలికంఠం రంగు మీద వేలు పెట్టాడు.

అచ్చు కోసం చెవిలో దారం కట్టిన దూది పెట్టి, రెండు రంగుల ముద్దలు పిసికి కలిపి నింపింది. గట్టిపడేదాకా కదలొద్దంది. రెండు చెవులూ మూసుకుపోయిన బాపు, లోకమంతా తనలాగే ఉందనుకుని, తన చిన్నప్పటి కుస్తీల కథ దుకాణం అదిరేలా మొదలుపెట్టాడు. అచ్చు తీసి చేతిలో పెడితే తిప్పి తిప్పి చూశాడు. "అల్లం లెక్కున్నది. గీ వంకర తొవ్వల మాటెట్ల పోతది?" అని తన చెవులను తనే క్షమించాడు.

కొన్నాళ్లకు తయారయ్యాయని ఫోనొస్తే మళ్లీ వెళ్లాం. చెవిలో పెట్టి కొంచెం తిప్పగానే, చెప్పినట్టు వినే పిల్లల్లా కూర్చున్నాయి. పరీక్షలో పోయాయని తేలిన సన్నటి చప్పుళ్లు కాస్త పెరిగేలా ఆ అమ్మాయి ఫోన్లో సర్దిపెట్టింది. కథ అక్కడే వినిపించొచ్చు. కానీ బాపుకు బస్సులో అందరూ చూస్తుండగా పెట్టుకోవాలని ఉంది.

బస్సు ఇంకా కదల్లేదు. బాపు కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను ఈసారి రెండుసార్లు సరిచూసుకుని మరీ కథ ఆన్ చేశాను. నా ముఖం కనబడకుండా ఆయన వెనక సీట్లోకి మారాను. మేక కొంగు దాకా నమిలి జరీ దగ్గర ముఖం చిట్లించే చోట, బాపు భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. నవ్వుతున్నాడు. నన్ను చూడకుండానే నవ్వుతున్నాడు. లేచి బస్సంతా మిఠాయి పంచాలనిపించింది.

కథ అయిపోయాక వెనక్కి తిరిగాడు.

"గీమె ఎవలు?"

"నేనే బాపూ" అని అరిచాను.

"నువ్వు గాదు. గీమె నిమ్మలంగ మాట్లాడుతుంది."

గుండె మీద చెయ్యి పెట్టుకుని నేనేనని చూపించాను. నన్నూ ఫోనునూ మార్చి మార్చి చూశాడు.

"నీ గొంతు గిట్లుంటదా? నువ్వెప్పుడూ నా మీద కోపంగ ఉంటవనుకున్న బిడ్డా." ఆ వెంటే, "మీ అవ్వ గూడ గంతేనా?" అన్నాడు.

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి. "కోపం లేదు బాపూ" అని అరిచాను. బాపు ముందు సీటామె, ముసలాయన్ని తిడుతున్నానేమో అన్నట్టు నా వైపు ఉరిమి చూసింది. లేదని చెప్పినా తిట్టినట్టే ఉంది మరి.

ఫోను తీసుకుని పక్కకు తిరిగాను. రికార్డు నొక్కి, కథలు చదివే గొంతుతో, "బాపూ, నీ మీద నాకు ఎప్పుడూ కోపం లేదు" అన్నాను. ముందుకు వంగి ఫోను ఆయన ఒడిలో పెట్టి వినిపించాను.

బస్సు కదిలింది. బాపు కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. తర్వాత ఫోను నా వైపు చాపాడు.

"మల్ల పెట్టు" అన్నాడు.