మూడు రకాల పర్లేదు

మోకాలి ఆపరేషన్ తర్వాత ఫిజియోథెరపీ కూడా పూర్తయ్యాక డాక్టరు అక్కతో, ఇక కాలి కండరాలు గట్టిపడాలి, మంచి ట్రైనర్ని చూసుకోండి అన్నాడు. అక్క బుద్ధిగా తలూపింది. కారెక్కాక నాతో మాత్రం వేరే మాట అంది.

"ఒరేయ్, మన వీణ ఎవరికైనా కావాలేమో కనుక్కో. మూలన పడుంటే పాడైపోద్ది."

అప్పుడు నేను ఒమాన్‌లో, వాడి కబీర్‌లో అక్కావాళ్ళింట్లో ఉండేవాణ్ణి. బావకి దూరంగా సూర్ ఊళ్ళో గ్యాస్ ప్లాంటులో డ్యూటీ, వారాంతాల్లోనే వచ్చేవాడు. శుక్రవారం పొద్దున్నే అక్క హాల్లో చాప పరిచి, చుట్టుపక్కల ఫ్లాట్ల పిల్లలకి వీణ నేర్పేది. వీణకి బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. తడి మెట్ల మీద జారిపడి మోకాల్లో లిగమెంటు తెగాక ఆ కూర్చోవడమే పోయింది. కొన్నాళ్ళు వీణని టేబుల్ మీద పెట్టి చూసింది. "టైపు కొడుతున్నట్టుంది" అని ఆపేసింది. తర్వాత తను కుర్చీలో, పిల్లలు చాప మీద. ఒక పిల్ల వేలు తప్పు మెట్టు మీద పడితే వంగి సరిచేయలేక నోటితో చెప్పేది. ఆఖరికి పిల్లల్ని రావద్దంది. వీణ మీద దుప్పటి కప్పింది.

ఆ వీణ ఇంట్లోంచి వెళ్ళకూడదని నేను అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు. ట్రైనర్ని ఎలా ఎంచాలో మాత్రం ఫోన్లో రాసుకున్నాను. సర్టిఫికెట్ ఉందా, మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళతో పని చేశారా, ఇంటికి వస్తారా, చెప్పేది అక్కకి అర్థమవుతుందా. ఒక్కోదానికి ఇన్నేసి మార్కులని కూడా వేశాను. అక్క నా భుజం మీంచి చూసింది.

"నా పెళ్ళిచూపులప్పుడు కూడా మనవాళ్ళు ఇన్ని అడగలేదురా."

"అప్పుడు అడగాల్సింది."

"బావ రానీ, చెప్తా నీ సంగతి."

ఎక్కువ మార్కులు వచ్చినాయన అజైబాలో మా ఆఫీసు దగ్గరి జిమ్‌లో పనిచేసేవాడు. పని తెలిసిన మనిషే. బరువు పెంచే ప్రతిసారీ "ఓకే?" అని అడిగేవాడు. అక్క "ఓకే, ఓకే" అని తల అటూ ఇటూ ఆడించేది. ఆయన సంతోషంగా ఇంకో ఇనప పలక తగిలించేవాడు. మర్నాటికి మోకాలు బూరెలా పొంగింది.

"నొప్పని చెప్పొచ్చుగా అక్కా?"

"అంత శ్రద్ధగా చెబుతుంటే ఏం బావుంటుంది?"

రెండో ఆవిడ ఇంటికే వచ్చేది, జాగ్రత్త మనిషి. నొప్పికి పదిలో ఎంత మార్కు వేస్తారని అడిగేది. ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది. అక్క ఎప్పుడూ రెండే వేసేది. ఒకరోజు ఆవిడ, నేల మీద కూర్చోవడం అంత అవసరమా, కుర్చీలో కూర్చుంటే మోకాలికి హాయి కదా అంది. అక్క నవ్వి, కాఫీ ఇచ్చి పంపింది.

"మంచి మనిషేరా. కానీ నాకు కుర్చీ ఇచ్చేసి వెళ్ళిపోద్ది" అంది తలుపు వేస్తూ.

మూడో అమ్మాయికి నా లెక్కలో అందరికన్నా తక్కువ మార్కులు. ఒమానీ అమ్మాయి, నా వయసే ఉంటుంది. అనుభవం తక్కువ, ఇల్లు దూరం. మా ఆఫీసులో ఒకాయన, వాళ్ళావిడకి నడుం బాగుచేసిందని చెబితే పిలిచాను. వస్తూనే అబాయా సర్దుకుని చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇంగ్లీషులో, మధ్యమధ్య హిందీ కలిపి మాట్లాడింది.

"టీచర్, మీరు ఎక్కడ కూర్చుంటారు, ఎలా కూర్చుంటారు? అది చెప్పండి ముందు."

అక్క దుప్పటి తీసి వీణ చూపించింది. నేల మీద ఎందుకని ఆ అమ్మాయి అడగలేదు. వాళ్ళింట్లో అందరూ నేల మీద ఒకే పళ్ళెం చుట్టూ చేరి తింటారట. మోకాళ్ళు పట్టేశాక వాళ్ళమ్మ ఒక్కతే సోఫాలో విడిగా తినడం చూడలేకే ఈ పనిలోకి వచ్చానంది.

సోఫా దిండ్లన్నీ తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చింది. అక్కని వాటి మీద కూర్చోబెట్టి, కాలు కొద్దికొద్దిగా మడవమంది. కొన్ని రోజులకోసారి ఒక దిండు తీసేసేది. ఎలా ఉందని అడిగితే అక్క "పర్లేదు" అనేది. ఆ అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడ్డ నన్ను అడిగింది.

"బ్రదర్, పర్లేదు అంటే ఏంటి?"

"బాగానే ఉంది అని."

ఆ అమ్మాయి అక్క మొహం చూసింది. "కాదు. ఇది మా అరబీలో ఆదీ లాంటిది. అంతా మామూలే అని. మా అమ్మకి చెయ్యి విరిగినప్పుడు కూడా ఆదీ అనే అంది."

మీటరు చూపించే అంకెకీ అసలు విలువకీ మధ్య తేడా పట్టుకోవడం నా ఉద్యోగం. చిన్నప్పట్నుంచీ వింటున్న మాటని మాత్రం ఎప్పుడూ అలా పరీక్షించలేదు. ఆ పూట కూర్చుని ఆలోచిస్తే అక్క దగ్గర మూడు రకాలు ఉన్నట్టు తేలింది. తర్వాతి క్లాసులో ఆ అమ్మాయికి చెప్పాను.

"ఒకటి, పర్లేదు. అంటే నొప్పి ఉంది, ఓర్చుకోగలను. రెండు, పర్లేదులే. అంటే చాలా నొప్పి, ఇంక అడక్కు. మూడు, పర్లేదే. చివర కాస్త సాగుతుంది. అంటే నిజంగానే బాగుంది, తనే అనుకోలేదు."

"నామీద పాఠాలు కూడానా" అంది అక్క.

"మూడోది ఎప్పుడైనా విన్నారా?" అని ఆ అమ్మాయి నన్ను అడిగింది.

"బావ మొదటిసారి పప్పు వండినప్పుడు."

అక్క నవ్వు ఆపుకోలేక దిండ్ల మీంచి ఒరిగింది. ఆ రోజు నుంచి పని తీరు మారింది. ఒకటి వినిపిస్తే ఆ అమ్మాయి అక్కడే ఆగేది. రెండు వినిపిస్తే తీసేసిన దిండు మళ్ళీ పెట్టేది. అక్క ఎంత మర్యాదగా పలికినా లాభం లేకపోయింది. తప్పించుకుందామని ఒకసారి ఇంగ్లీషులో "ఓకే" అంటే, "తెలుగులో చెప్పండి టీచర్" అంది.

శీతాకాలం వచ్చి కిటికీలు తెరిచే రోజుల్లో, చివరి దిండు తీసేసింది. అక్క సోఫా అంచు పట్టుకుని చాప మీదికి దిగింది. ఎడమ కాలు మడిచింది. కుడి కాలు సగం దాకా వచ్చి ఆగింది. ఆ అమ్మాయి చిన్న తువ్వాలు మడిచి మోకాలి కింద పెట్టింది. కాలు మెల్లగా దాని మీద వాలింది. అక్క కాసేపు తన మోకాలి వంక చూసుకుంది.

"పర్లేదే" అంది.

ఆ అమ్మాయి నా వైపు మూడు వేళ్ళు చూపించింది. నేను తలూపాను.

వీణ తెచ్చి ఇచ్చాను. అక్క శ్రుతి చేసుకుంటూ, నా వైపు చూడకుండా, "కొనేవాళ్ళెవరైనా దొరికారేంట్రా?" అంది.

"నేనెవర్నీ అడగలేదు."

"చెప్పిన పని ఒక్కటీ చెయ్యవు కదా" అంది. తీగ ఇంకా కొంచెం బిగించి, తువ్వాలు ఉన్నచోటే ఉంచమని ఆ అమ్మాయికి సైగ చేసింది.