జంపఖానా వెనక వైపు

హైదరాబాదులో మాకున్నది ఒక్క రోజు. పొద్దున ఒక మ్యూజియం, మధ్యాహ్నం ఇంకొకటి చూసి, సాయంత్రం బండికి వరంగల్ చేరాలని నా లెక్క. వెంట మా నాన్న ఉన్నాడు. మేం బాపు అంటాం. వరంగల్ కొత్తవాడలో జీవితమంతా జంపఖానాలు నేసినవాడు. విగ్రహాలు, గడియారాలు, కత్తులు అన్నీ నా వెనకే చకచకా చూశాడు. గోడకు వేలాడదీసిన ఒక పాత తివాచీ దగ్గర మాత్రం ఆగిపోయాడు. నేను రెండు గదులు ముందుకు పోయి, ఆయన కోసం తిరిగి వచ్చేసరికి, అడ్డంగా కట్టిన తాడు మీంచి వంగి దాని అంచు ఎత్తుతున్నాడు!

"పెద్దాయనా, ముట్టొద్దు!" అని గార్డు అరిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

బాపు అంచు వదిలేశాడు. "ముందట ఎవడైనా మంచిగనే నేస్తడు తమ్మీ. ఎనుక చూస్తెనే పనితనం తెలుస్తది," అన్నాడు గార్డుతో.

"ఇదేమన్నా మన దుకాణమా? నడువు బాపూ," అని కసిరి, రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. రెండో మ్యూజియంలో ఆయన దేని ముందూ ఆగలేదు.

మర్నాడు పక్క దులుపుతుంటే నా పెళ్లికి ఆయన నేసిచ్చిన జంపఖానా చేతికొచ్చింది. ఇన్నేళ్లూ దాని మీదే పడుకున్నాను. మొదటిసారి తిరగేసి చూశాను. ఎక్కడా ఒక్క ముడి లేదు. కాసేపటికి, అందులో ఏది ముందో, ఏది వెనకో నాకే తెలియకుండా పోయింది.