యేసోబు అనని మాట

ఆరేళ్లుగా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. రెండుసార్లు చెప్పబోయి, కూరలో ఉప్పు గురించి ఏదో మాట్లాడి లేచిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది. నేను దొంగతనం చేశాను. డబ్బూ నగలూ కాదు. ఒక మనిషి జీవితాన్ని తీసుకెళ్లి ఇంకొక మనిషికి అంటగట్టాను. పైగా దానికి డబ్బులు కూడా తీసుకున్నాను.

మాది జగ్గయ్యపేట. ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్లు తెలుగు చెప్పి, మానేసి, ఇంట్లో కూర్చుని రాతపని మొదలుపెట్టాను. విత్తనాల కొట్లకి కరపత్రాలు, స్కూళ్లకి అడ్మిషన్ల పుస్తకాలు, కోచింగ్ సెంటర్లకి వెబ్‌సైట్ రాతలు. వాటితోపాటు జ్ఞాపకార్థ కూడికలకి జీవిత విశేషాలు. మా వైపు క్రైస్తవ కుటుంబాల్లో ఎవరైనా పోతే, కొన్నాళ్లకి చర్చిలో కూడిక పెట్టుకుని, పోయినవాళ్ల జీవితం గురించి రెండు పేజీలు చదువుతారు. దాన్నే పోయినవాళ్ల ఫోటోతో అచ్చు వేయించి వచ్చినవాళ్లకి పంచుతారు. ఆ రెండు పేజీలు రాయడం నా పని.

మొదట్లో రేటు చెప్పడం నాకు చేతనయ్యేది కాదు. "రెండు ముక్కలే కదండీ, మీకెంతసేపు" అనేవాళ్లు. రాయించుకుని, కాఫీ ఇచ్చి, దణ్ణం పెట్టి పంపేవాళ్లు. అదే మనిషి టెంటువాడికీ మైకువాడికీ మాత్రం బేరమాడకుండా ఇచ్చేవాడు. వాళ్లది పని, నాది పని కాదు! చివరికి విసుగెత్తి, ఒక కాగితం మీద రేట్లు రాసుకుని, ఎవరడిగినా అది చూసి చదవడం మొదలుపెట్టాను. జీవిత విశేషాలకి రెండు వేలు. ఎక్కువంటారా? ఆ ఇంటికి వెళ్లి, ఒక పూటంతా కూర్చుని, ఏడ్చేవాళ్లని ఏడవనిచ్చి, చుట్టుపక్కల నలుగురిని అడిగి తెలుసుకుని, రాసి, చదివి వినిపించి, వద్దన్నది తీసేసి ఇచ్చేదాన్ని. అది న్యాయమైన ధరే. ఇప్పటికీ అదే అంటాను. ధరలో ఏ తప్పూ లేదు.

ఆ రోజు పొద్దున ఒక కోచింగ్ సెంటర్ ఆయన ఫోన్ చేశాడు. నెల రోజులు పని చేయించుకుని, ఒప్పుకున్నదాంట్లో సగమే ఇస్తానన్నాడు. ఈ మాత్రం రాతలు మా ఆఫీసులోవాళ్లూ రాస్తారులెండి అన్నాడు. నోరున్న మనిషినని మా వీధివీధంతా నాకు పేరు. ఆయన దగ్గర మాత్రం "సరేనండీ" అని పెట్టేశాను. వచ్చే ఏడు ఆ పని కూడా పోతుందేమోనని భయం.

మధ్యాహ్నం కరుణమ్మ వచ్చింది. పెనుగంచిప్రోలు దగ్గర పల్లె నుంచి, ఆటోలో. మిరప తోటల్లో కూలికి పోయే మనిషి. భర్త యేసోబు పోయి నెల కావస్తోంది, ఆదివారం కూడిక. ఒక చిన్న ఫోటో, పుట్టిన సంవత్సరం, పెళ్లయిన సంవత్సరం రాసిన చీటీ, ఎనిమిది వందల రూపాయలు నా ముందు పెట్టింది. ఇంతే ఉందమ్మా అంది.

పొద్దున మింగిన కోపమంతా అప్పుడు పైకొచ్చింది. అందరికీ నేనే లోకువ, అందరూ తగ్గించేవాళ్లే అనుకున్నాను. ఇంతకి కుదరదండీ అని పంపేయొచ్చు, అందులో మోసం లేదు. పోనీలే పాపం అని ఆ డబ్బుకే మనసు పెట్టి రాసివ్వొచ్చు, నాకు పోయేదేం లేదు. నేను ఆ రెండూ చేయలేదు. ఎనిమిది వందలకి ఎనిమిది వందల పని చాలు అనుకున్నాను. పెన్ను కూడా తీయకుండా, ఆయన ఎలాంటివారండీ అని అడిగాను. "మంచోడేనమ్మా, మాటలు తక్కువ" అంది. ఇంకా ఏదో చెప్పబోయింది. సరేలెండి నేను చూసుకుంటా అని లేచి నిలబడ్డాను. ఆవిడ కూడా లేచింది.

అంతకు నాలుగు నెలల ముందు నందిగామలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు పోతే, ఆయన జీవితం నేనే రాశాను. పూర్తి రేటు ఇచ్చిన కుటుంబం. ఆయన స్నేహితులను ఒక్కొక్కరినీ కలిసి రాశాను. నా రాతల్లో నాకు బాగా నచ్చినది అదే. కంప్యూటర్లో దాన్ని తెరిచి పేర్లు మార్చాను. బడిని పొలం చేశాను. తోటి మాస్టార్లను తోటి కూలీలు చేశాను. పావుగంట పట్టింది. అందులో, హెడ్మాస్టారు స్నేహితుల దగ్గర తరచూ అనే మాట ఒకటి ఉంది. "నన్ను మనిషిని చేసింది మా ఆవిడే." ఆ వాక్యం దగ్గర నా చెయ్యి ఆగింది. నిజంగానే ఆగింది, అబద్ధం చెప్పను. తీసేద్దామా అనుకున్నాను. ఏ భార్యకి చేదులే అని ఉంచేశాను.

కూడికైన పది రోజులకి కరుణమ్మ మళ్లీ వచ్చింది. గుమ్మంలో ఆవిడను చూడగానే దొరికిపోయాను అనుకున్నాను. చేతిలో ఆ అచ్చు కాగితం ఉంది. చదివించుకుని చదివించుకుని మడతల దగ్గర చిరుగుతుంటే లామినేషన్ చేయించిందట. కుర్చీ వేసినా కూర్చోలేదు. ఆ వాక్యం ఎక్కడుందో ఆవిడకి చదవడం రాకపోయినా తెలుసు. సరిగ్గా దాని మీదే వేలు పెట్టింది.

"టీచరమ్మా, ఈ మాట ఎవరితో అన్నాడమ్మా?"

నేను కుర్చీ ఇంకాస్త ముందుకు జరిపాను.

"నలభై ఏళ్లు కాపరం చేసానమ్మా. కూర బాగుందని కూడా ఒక్కరోజు అన్లేదు. నాతో అనలా. ఎవరితో అన్నాడో చెప్పమ్మా, నీకు పుణ్యముంటది."

అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పొచ్చు. ఇప్పుడు ఎన్నిసార్లు అనుకున్నా ఏం లాభం.

"మీరు వెళ్లాక ఒకాయన ఫోన్ చేసాడండీ," అన్నాను. "మీ ఆయనతో పాటు పనికెళ్లేవాడంట. పేరు చెప్పలేదు."

"ఏ ఊరోడమ్మా?"

"చెవిటికల్లు అన్నట్టు గుర్తు."

ఎందుకన్నానో ఆ ఊరి పేరు! నోటికొచ్చింది, అనేశాను. ఆవిడ మొహం మారిపోయింది.

"చెవిటికల్లా! మిరపకాయ బస్తాలు మొయ్యటానికి రెండేళ్లు అటే పోయాడమ్మా. అయితే నిజమే. అన్నాడన్నమాట." అప్పుడు కూర్చుంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, మధ్యలో నవ్వింది. "ఆ ముక్కేదో నా మొహాన అంటే ఏం పోయిందమ్మా, పిచ్చి సన్నాసికి! ఊళ్లోవాళ్లందరికీ చెప్పుకున్నాడు గానీ!"

పోయేముందు ఇంకొకటి అడిగింది. సమాధి కట్టిస్తున్నానని, బండ మీద ఆ మాట చెక్కించాలని, రాసిమ్మని. ఇంటి రేకులు మార్చుకోవడానికి దాచుకున్న డబ్బు ఉందట, వాన కారితే కారిందిలే అంది. నేను రాసిచ్చాను. గుండ్రటి అక్షరాలతో, తప్పుల్లేకుండా. వంద రూపాయలు బల్ల మీద పెట్టింది. వద్దన్నాను. "ఊరికే వద్దమ్మా, నీ పని నీది" అంది. నా పనికి విలువ ఇచ్చి, అడక్కుండా డబ్బు పెట్టినవాళ్లు చాలా తక్కువమంది. ఆ వంద తీసుకున్నాను. తీసుకోకపోతే అనుమానం వస్తుందనుకున్నానా? అలా అని నాకు నేను చెప్పుకున్నాను. ఏమో, రేటు చెప్పీ చెప్పీ చెయ్యి దానంతటదే చాచుకుందేమో. ఏం మనిషినండీ నేను!

తర్వాత రెండుసార్లు ఆవిడ చెవిటికల్లు వెళ్లిందట. ఫోన్ చేసి చెప్పింది. నాకు ఫోన్ చేశాడన్న ఆ మనిషి కనిపిస్తే ఒక్కసారి ఆ మాట వాడి నోట వినాలని. దొరకలేదమ్మా, వాడూ పోయాడేమో అంది. అయ్యుంటుందండీ అన్నాను. పెనుగంచిప్రోలు వైపు పని పడితే మా ఆయన్ని పంపిస్తున్నాను. ఆ బండను నేను చూడలేదు.

మొన్న నందిగామలో ఒక కాలేజీవాళ్లు పిలిచారు. ఇంట్లో ఉండి రాసుకుని బతకడం ఎలా, సరైన రేటు పెట్టుకోవడం ఎలా అని పిల్లలకి చెప్పమన్నారు. చెప్పాను. సిగ్గుపడకండి, ముందే చెప్పండి, రాసుకోండి, మొహమాటపడితే నష్టపోతారు అన్నాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి అడిగింది, డబ్బులు తక్కువిస్తే పని తగ్గించి చెయ్యొచ్చా మేడమ్ అని. నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. వద్దనుకుంటే పని వదులుకో తల్లీ, ఒప్పుకున్నాక మాత్రం తగ్గించకు అన్నాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. బస్సులో జగ్గయ్యపేట వచ్చేదాకా ఆ శాలువా ఒళ్లో పెట్టుకుని, ఎవరి మొహమూ చూడలేక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చాక ఇది రాయడం మొదలుపెట్టాను.

వెళ్లి చెప్పేయమంటారా? చెప్తే నా మనసు తేలికపడుతుంది. మరి ఆవిడకి? ఆ మాట లాక్కుని దాని బదులు ఏమివ్వను? చెప్పకపోవడం దయ అనుకుందామంటే, అది కూడా నా పిరికితనానికి నేను పెట్టుకున్న పేరేనేమో. నందిగామలో ఆ హెడ్మాస్టారి భార్య ఉంది. తన మొగుడు తన గురించి అన్న మాట ఇంకొకామె మొగుడి సమాధి మీద ఉందని ఆవిడకి తెలియదు. ఇద్దరినీ మోసం చేశాను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. ఇంత రాశాక గుండెలో కాస్త గాలి ఆడుతోంది, అంతే.

నాకు నిద్ర పట్టనిది ఆ వాక్యం గురించి కూడా కాదు. ఆ మధ్యాహ్నం కరుణమ్మ ఏదో చెప్పబోయింది. యేసోబు ఎలాంటివాడో, మాటల్లేని ఆ మనిషిలో ఏం చూసి నలభై ఏళ్లు కాపరం చేసిందో, అదేదో చెప్పబోయింది. నేను చెప్పనివ్వలేదు. ఇప్పుడు వెళ్లి అడిగినా, మా ఆయన ఇలాంటివాడమ్మా అంటూ ఆవిడ నేను రాసిందే నాకు చెబుతుంది.