అమ్మ వాసన చూసిన విస్కీ

మా అమ్మ జీవితంలో మందు ముట్టలేదు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై, నాన్న పోయాక అమీర్‌పేటలో మా దగ్గరే ఉంటోంది. అలాంటి మనిషి ముందు, ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలకి కూర్చోబోతుంటే, మా బావమరిది స్కాచ్ సీసా తీసి టేబుల్ మీద పెట్టాడు.

అతనిది సనత్‌నగర్. కంపెనీ పని మీద స్కాట్లండ్ వెళ్ళి ఆ వారమే తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ పంజాగుట్ట దాకా వెళ్ళి డబుల్ కా మీఠా కట్టించుకొచ్చాడు. ఆ సంచిలోంచే సీసా కూడా బయటికొచ్చింది. నా భార్య వంటింట్లోంచి గరిటతోనే పరుగెత్తుకొచ్చింది.

"నీకేమన్న తెలివుందారా? అత్తమ్మ ముంగట..."

"అక్కా, జర ఆగు. గిది మామూలు మందు కాదు. సింగిల్ మాల్ట్!"

"మందు మందే కదా నాయనా," అంది అమ్మ, కళ్ళజోడు సవరించుకుంటూ. కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది.

వాడు మాత్రం తగ్గలేదు. "ఒక్క బట్టీల చేసిందే ఆంటీ, వేరే జాగలది కలపరు. బార్లీ తప్ప ఇంకో గింజ వెయ్యరు."

"బార్లీయా? వార్డులో మేం జావ కాచి పోసేవాళ్ళమే, ఆ బార్లీయేనా?"

"గదే ఆంటీ!"

ఆ మాటతో వాడికి ఊపొచ్చింది. పడమటి సముద్రంలో ఏదో దీవికి వెళ్ళాడట. మొలకెత్తిన బార్లీని అక్కడ పొగ మీద ఆరబెడతారు. బురదనేలల్లో గడ్డి కుళ్ళి, ఏళ్ళకేళ్ళు గట్టిపడిన మట్టిని గడ్డలుగా కోసి కాలుస్తారు. ఆ పొగ గింజకి పట్టేస్తుంది. తర్వాత రాగి బట్టీల్లో దించి, ఓక్ చెక్క పీపాల్లో పోసి, ఏళ్ళ తరబడి అలా వదిలేస్తారు. తాతల నాటి నుంచీ అదే పద్ధతి.

"పీపాలకెళ్ళి ఏటా కొంచెం ఆవిరైపోతది ఆంటీ. దాన్ని వాళ్ళు దేవదూతల వాటా అంటరు."

మా ఆవిడ గరిట పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. అమ్మ వాడి మొహంలోకి చూసి, పకపకా నవ్వింది.

"దేవదూతలకి వాటానా? ఈ మాట పాస్టరు గారికి చెప్పాలి." ఇంకా నవ్వుతూనే, "మూత తియ్యి. తాగనులే, వాసన చూస్తా," అంది.

హార్లిక్స్ తాగే గాజు గ్లాసులో వాడు రెండు చుక్కలు పోశాడు. అమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇంకోసారి గట్టిగా పీల్చింది.

"ఇది టింక్చరు రా," అంది చివరికి. "మీ నాన్న మోకాలికి రాసిన టింక్చరు."

బావమరిది ఎగిరి గంతేశాడు. ఆ దీవి విస్కీలో ఆసుపత్రి వాసన వస్తుందని అక్కడివాళ్ళే చెప్పారట. నాకు మాత్రం మోకాలి సంగతి కావాలి.

"ఏ మోకాలమ్మా?"

"సైకిలు మీంచి పడి డ్రెస్సింగుకి వచ్చాడు. అప్పటికి కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరాడు. దెబ్బ మానిపోయినా వస్తూనే ఉండేవాడు. ఎందుకొచ్చారండీ అంటే, మీరు టింక్చరు రాస్తే హాయిగా ఉంటుందండీ అనేవాడు. టింక్చరు మండుతుంది గానీ హాయేంటి?"

"మరి మీ సంబంధం పాస్టరు గారు చూశారన్నావు?" అన్నాను.

"చూశారు. నేను అమ్మగారి చెవిన వేశాకే చూశారు." పాస్టరు గారి భార్యని వాళ్ళు అమ్మగారనేవారు.

అంటే ముందు అడిగింది మా అమ్మ! ఇన్నేళ్ళలో ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

అమ్మ భోజనం ముందు ప్రార్థన చేసింది. తర్వాత గ్లాసు నా వైపు జరిపి, "కొంచెమే," అంది. బావమరిది ఇంకొంచెం పోస్తే, నాలుగు చుక్కలు నీళ్ళు కలిపి తాగాను. ముందు పొగ తగిలింది, వెనకే ఉప్పదనం, మింగాక మాడిన తాటిబెల్లం లాంటి తీపి. బాగుందని పైకి అనలేదు గానీ అమ్మ నా మొహం చూసి తెలుసుకుంది.

"అంకుల్ ఇంకేమన్నడు ఆంటీ?" అన్నాడు బావమరిది, అన్నం కలుపుకుంటూ.

అమ్మ చెప్తూ పోయింది. నాన్న తెచ్చిచ్చిన జామకాయలు, మేట్రన్ తిట్లు, పెళ్ళి నాడు కుట్టు ఊడిన కోటు. తినడం అయిపోయి చేతులు ఎండిపోయాయి. ఎవరమూ లేవలేదు.